ఏడో ఇల్లు

మా వెనక పోర్షన్ చూడటానికి వచ్చిన రోజు జగ్గమ్మ అద్దె ఎంతని అడగలేదు, నీళ్ళు వస్తాయా అని అడగలేదు. "పిల్లులుంటే మీకేటైనా ఇబ్బందా అమ్మా?" అంది.

"ఎన్ని?"

"మూడమ్మా. తల్లీ, దాని పిల్లలు రెండూను."

గరివిడిలో ఖాళీ ఇళ్ళకు కొదవ లేదు. కానీ మొగుడు లేని ఆడదానికి, అందులోనూ పిల్లుల్ని చంకనేసుకుని వచ్చేదానికి ఇచ్చేవాళ్ళు తక్కువ. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే బిగుసుకున్నాను. "ఒకటే. ఒక్కటంటే ఒక్కటి. నాది ఇల్లు, సత్రం కాదు," అన్నాను.

"పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతాదంటారు కదమ్మా. నాకిది ఏడోది. ఇక్కడైనా కుదురుకుంటాను, మూడింటినీ ఉండనీండి," అంది నవ్వుతూ. నేను నవ్వలేదు.

మిగతా ఆరిళ్ళ సంగతి తర్వాత చెప్పింది. మొదటిది రామతీర్థం దగ్గర అత్తారిల్లు. పిల్లలు పుట్టలేదని మొగుడు సోములు ఇంకొకామెను తెచ్చుకుని, ఈమె పక్కను ధాన్యం బస్తాల గదిలోకి మార్చాడు. రెండోది తమ్ముడిల్లు. మరదలు దండం పెట్టి మరీ సాగనంపింది. ఆ తర్వాతవన్నీ అద్దెవే. ఒకచోట ఎలకలున్నన్నాళ్ళూ పిల్లి మంచిది, ఎలకలు పోయాక చెడ్డదైంది. ఇంకోచోట పెళ్ళిచూపులకు బయల్దేరితే ఎదురొచ్చిందని గొడవ చేశారు. "నానెదురొచ్చానని అనలేక పిల్లి మీద పెట్టారమ్మా," అంది.

నా షరతుకు ఒప్పుకుంది గానీ, దేన్ని ఉంచుకోవాలో తేల్చుకోలేక మూడు రోజులు సతమతమైంది. తల్లిని ఉంచుకుంటే పిల్లలు బతుకుతాయో లేదో. చివరికి ఒక పిల్లను, తాను వంట చేసే కర్రీ పాయింట్ యజమానురాలు ధనలక్ష్మికి ఇచ్చింది. రెండోదాన్ని ఉంచుకుంది. తల్లిని గోనెసంచిలో పెట్టి, ఆటోలో తీసుకెళ్ళి, గెడ్డ అవతల వదిలేసింది. నీళ్ళు పారే గెడ్డ దాటిస్తే పిల్లి తిరిగి రాదని మావైపు నమ్మకం. ఖాళీ సంచితో వచ్చి నా గుమ్మం ముందు నిలబడి, "ఇప్పుడొకటేనమ్మా," అంది.

"మంచిది," అన్నాను. అంతకన్నా మంచిమాట నా నోట రాలేదు.

పదకొండో రోజు పొద్దున్నే తల్లి మా ప్రహరీగోడ మీద కూర్చుని ఉంది. కాళ్ళ నిండా బురద, ఒక చెవి చిరిగింది. గోడ మీద అది, లోపల పిల్ల, ఒకటే అరుపులు. జగ్గమ్మ తలుపు తియ్యలేదు. నేను పెరట్లో పచార్లు చేశాను, దగ్గాను, బకెట్లతో చప్పుడు చేశాను. బయటికొచ్చి ఒక్కమాట అడిగితే సరేననేదాన్ని, ఒట్టు. ఆమె అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ముందే ఒకసారి అడిగింది కదా అన్నది మాత్రం గుర్తు చేసుకోలేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు గోడ మీద పిల్లి లేదు. మెయిన్ రోడ్డు మీద లారీ కింద పడిందని పాలాయన చెప్పాడు. జగ్గమ్మ లోపలికెళ్ళి అదే గోనెసంచి తెచ్చుకుని బయల్దేరింది. తోడు వస్తానన్నాను. వినిపించనట్టే వెళ్ళిపోయింది.

నెలాఖరుకు సామాను కట్టేసింది. అప్పుడు నాకు నోరొచ్చింది. "ఎందుకు వెళ్ళిపోవడం? రెండు పెంచుకో, నాలుగు పెంచుకో, నేను కాదన్నానా?" అన్నాను. ఆ ఆఖరిమాట అంటున్నప్పుడే సిగ్గేసింది.

"తలుపు తీస్తే ఆ గోడే కనిపిస్తన్నాదమ్మా," అంది.

"ఏడో ఇంట్లో కుదురుకుంటానన్నావు కదే!"

"పిల్లికి ఏడిళ్ళేనమ్మా. మనిషికి లెక్క లేదు." పిల్లిపిల్లను కొంగులో చుట్టుకుని ఆటో ఎక్కింది.

టులెట్ బోర్డు మళ్ళీ కట్టాను. చూడటానికి వచ్చినవాళ్ళను ఇప్పుడు ముందుగా నేనే అడుగుతున్నాను, పిల్లులున్నాయా అని. నా ముఖం చూసి, ఉన్నవాళ్ళు కూడా లేవనే అంటున్నారు.