రూతక్క నేర్పిన సూది

ఈ ఉదయం దుకాణం తెరిచి మొదటి టాటూ సూది పొట్లం విప్పాను. ప్లాస్టిక్ గిన్నె మీద అంటించిన కాగితం ఊడివచ్చేటప్పుడు సన్నగా, పొడిగా ఒక చప్పుడు వస్తుంది. రోజూ వినేదే కనుక నాకు పట్టదు. కానీ కుర్చీలో కూర్చున్న కాలేజీ అమ్మాయి నా చేతిలోకి వంగి చూసి, "ఇదేందక్కా, పెన్ను రీఫిల్ లెక్క ఉన్నది" అన్నది. సరిగ్గా ఈ మాటే నేనూ అన్నాను, ఈ గదిలోనే, రూతక్కతో. అప్పుడు నాకు సూది అంటే బట్టలు కుట్టేదీ, దవాఖానలో గుచ్చేదీ మాత్రమే తెలుసు.

రూతక్క మెదక్ మనిషే. చర్చి గంట వినిపించేంత దగ్గర్లో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న బడిలో లెక్కలు చెప్పేవారు, అమ్మ చర్చిలో పాటలు పాడేది. అక్క హైదరాబాద్ పోయి ఒక పెద్ద టాటూ దుకాణంలో చాలా ఏళ్లు పనిచేసింది. అక్కడే ఉండిపోతుందని అందరూ అనుకుంటుంటే తిరిగివచ్చి, బస్టాండుకు పోయే రోడ్డులో ఒక మొబైల్ దుకాణం పైన గది కిరాయికి తీసుకుంది. మెదక్‌లో టాటూలు ఎవరు వేయించుకుంటారని నవ్వినవాళ్లకు ఆమె చెప్పిన జవాబు ఒక్కటే: "ఏం, మెదక్ల మనుషులకు తోలు లేదా?" పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన కాటన్ చీర, దాని మీద నల్లటి ఏప్రాన్. పని చేస్తున్నంతసేపూ గొంతులోనే ఏదో ఒక చర్చి పాట తీస్తూ ఉండేది.

నేను అప్పుడు కుల్చారం నుంచి బస్సులో వచ్చి పెళ్లిళ్లలో మెహందీ పెట్టేదాన్ని. ఒక పెళ్లిలో పెళ్లికూతురి చేతులు చూసి, ఇది ఎవరు పెట్టారని అడిగి, అక్క నాకు కబురు పంపింది. వెళ్లగానే ఇంటర్వ్యూ లాంటిదేమీ చేయలేదు. బల్ల మీద ఒక కార్ట్రిడ్జ్, అంటే టాటూ మిషన్‌కు బిగించే సూది గొట్టం, పెట్టి, బ్లేడుతో నిలువునా కోసి, రెండు ముక్కలూ నా ముందుకు జరిపింది.

చిటికెనవేలి కొస అంత ఉంటుంది అది. బయట గాజులా కనిపించే ప్లాస్టిక్ గొట్టం, లోపల ఒక సన్నని కడ్డీ, కడ్డీ చివర ఒకదానికొకటి అతికించిన వెంట్రుకల్లాంటి సూదులు. కడ్డీ వెనకవైపు రబ్బరులా మెత్తటి పొర ఒకటి. అక్క ఇంకో కార్ట్రిడ్జ్ తీసుకుని, అగ్గిపుల్లతో వెనక నుంచి నొక్కింది. సూదులు బయటికి తొంగిచూశాయి. పుల్ల తీసేసింది. సూదులు లోపలికి పోయాయి.

"ఎనుకకు ఎవరు గుంజిండ్రు?" అని అడిగింది.

"లోపట స్ప్రింగ్ ఉన్నట్టుంది."

"కోసి చూపిస్తినిగదా, స్ప్రింగ్ కనవడ్డదా? మిషన్‌కు ముందటికి నెట్టుడే తెలుసు. ఎనుకకు తెచ్చేది గీ పొర. సాగుతది, మళ్ల ముడుసుకుంటది. ఒక్క నిమిషంల కొన్ని వేలసార్లు."

తర్వాత ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. పొర ఉన్నదొకటి, పొర లేకుండా ఉత్త స్ప్రింగ్‌తో నడిచే చౌకరకం ఒకటి తీసుకుని, రెండింటి వెనకా తెల్లటి దూది కుక్కింది. రెండూ నీలం రంగు నీళ్లలో ముంచి కాసేపు మిషన్‌తో నడిపింది. దూది బయటికి తీసి నా అరచేతిలో పెట్టింది. ఒకటి పాలలా తెల్లగా ఉంది. రెండోది నీలంగా తడిసిపోయింది.

"గీ నీలం జాగల రక్తం అనుకో," అన్నది అక్క. "సూది పారేస్తం. మిషన్ పారేస్తమా? పొర లేకుంటే ఒకరి రక్తం మిషన్ల జొరవడ్తది, రేపు ఇంకొకరి చేతికి పోతది. పైన ఎంత తుడిచినా లోపటిది కనవడది. గందుకే పొర లేనిది నా దుకాణంల ఉండది. ఒకరికి విప్పిన పొట్లం రెండోవాళ్లకు ఉండది. గింతే. ఇది మనసుకు ఎక్కినంకనే రంగు ముట్టు."

నేను మా నాయనమ్మ సంగతి చెప్పాను. ఆమె మోచేతుల నిండా పచ్చబొట్లు ఉండేవి. జాతరలో పొడిచే ఆడవాళ్లు మూడు నాలుగు సూదులు దారంతో కట్టి, మసిలో ముంచి, ఊరందరికీ ఆ సూదులతోనే పొడిచేవాళ్లని చెప్పేది. అక్క కళ్లు మెరిశాయి.

"సూదులు కలిపి ఎందుకు కట్టేటోళ్లో ఎరికేనా? ఒక్క సూదికి రంగు ఆగది. సూదికీ సూదికీ నడుమ సందులుంటయి చూడు, గా సందులల్ల ఆగుతది. గిప్పుడు కంపెనీలోళ్లు చేసేది గూడ గదే. గీతకు గుండ్రంగ కడ్తరు, రంగు నింపెతందుకు వరుసగ కడ్తరు. గా అమ్మలది మస్తు తెలివి. వాళ్లకు లేనిది పొర, పొట్లం. గంతే."

మెహందీ కోన్ అలవాటు వల్ల నేను మొదట్లో మిషన్‌ను కూడా గట్టిగా ఒత్తేదాన్ని. నేర్చుకోవడానికి పెట్టుకున్న రబ్బరు తోలు మీద గీతలన్నీ ఉబ్బిపోయేవి. అక్క నా మణికట్టు కింద తన రెండు వేళ్లు ఆనించి కూర్చునేది. "నెట్టేది మిషన్, స్వరూపా. నువ్వు తోవ చూపియ్యి చాలు," అనేది. చాలా నెలలు అలాగే గడిచాయి. తర్వాత చిన్నచిన్న పేర్లు, నక్షత్రాలు, శిలువలు, ఏడుపాయల దుర్గమ్మ త్రిశూలాలు నా చేతికి వచ్చాయి. నేను నెమ్మదిగా చేస్తాను. అక్కది వేగమైన చెయ్యి. వీపంత బొమ్మ అయినా పాట పాడుతూ పూర్తి చేసేది.

అట్లాంటి ఒక ఎండాకాలం మధ్యాహ్నం భాగ్యమ్మ మెట్లెక్కి వచ్చింది. బస్టాండు దగ్గర ఆమెకు మిర్చి బజ్జీల బండి ఉంది. మేమిద్దరం ఆమె దగ్గర ఎన్నోసార్లు తిన్నవాళ్లమే. అంత ఎండలోనూ మణికట్టు దాకా చేతుల జాకెట్ వేసుకుని ఉంది. కుర్చీలో కూర్చుని జాకెట్ కుడి చేతిని పైకి మడిచింది. మోచేతి కింద చర్మమంతా ఎండిన చెరువు మట్టిలా గట్టిపడి, అక్కడక్కడ తెల్లగా మెరుస్తోంది. రెండేళ్ల కింద కాగే నూనె బాణలి ఒరిగి పడిందని చెప్పింది.

"గీడ నాకు పచ్చబొట్టు ఉండె, బిడ్డా. దీపం. సుట్టూ సుక్కలు. సిన్నగున్నప్పుడు నేను, మా చెల్లె ఏడుపాయల జాతరల ఒక్కతీరుగ పొడిపిచ్చుకున్నం. చెల్లె పోయింది. దానిది ఒక్క ఫోటో గూడ లేదు నాకు. చెయ్యి చూసుకుంటే చెల్లె కనవడేది. నూనె వడ్డంక గది గూడ లేకపాయె." మచ్చ మీద వేలు పెట్టి చూపిస్తూ అన్నది: "పట్నంల రెండు దుకాణాలకు పోయిన. కాలిన తోలుకు రంగు వట్టదన్నరు. మీరు గూడ గదే అంటె చెప్పుండ్రి, పోత."

అక్క చేతి తొడుగు వేసుకుని, కళ్లు మూసుకుని, ఆ మచ్చను వేలికొసతో చాలాసేపు తడిమింది. ఎక్కడ మెత్తగా ఉంది, ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ స్పర్శ లేదు, అన్నీ అడిగింది. చివరికి, "అయితది అని మాట ఇయ్యలేను, కాదు అని గూడ అనను," అన్నది. "ముందుగాల తోలు డాక్టరును అడిగి రాండ్రి, గాయం మొత్తం కుదురుకున్నదా అని. వాళ్లు సరే అంటె మూడు సుక్కలు పెట్టి చూద్దం."

డాక్టరు సరేనన్నాడు. అక్క మచ్చ అంచున, ఎవరికీ కనిపించని చోట, ఆవగింజంత చుక్కలు మూడు పెట్టింది. రంగు ఒక్కటే, చెయ్యి ఒక్కటే, లోతు ఒక్కటే. కానీ ఒక్కో చుక్కకు ఒక్కో రకం కార్ట్రిడ్జ్ వాడింది. ఇక ఆ చర్మం మానేదాకా ఆగాలి. ఆ రోజుల్లో అక్క పాటలో లయ తప్పేది. బస్టాండు వైపు పోయినప్పుడల్లా భాగ్యమ్మను పక్కకు పిలిచి చెయ్యి చూసి వచ్చేది.

మానిన తర్వాత చూస్తే, మొదటి చుక్క వార్తాపత్రిక మీద పడ్డ సిరాలా అలుక్కుపోయింది. రెండోది దాదాపు మాయమైపోయింది. మూడోది మాత్రం, నల్లగా, గుండ్రంగా, పెట్టినట్టే నిలిచింది. అక్క ఆ మూడు రకాలూ ఒక్కొక్కటి తెచ్చి బ్లేడుతో కోసింది. మేమిద్దరం భూతద్దం కింద చూశాం. మొదటిదాంట్లో గొట్టం మూతి వదులుగా ఉంది, సూదులు పక్కలకు ఊగుతున్నాయి. మామూలు చర్మం ఆ ఊగుడును ఓర్చుకుంటుంది, మచ్చ ఓర్చుకోదు. రెండోదాంట్లో పొర మరీ బిరుసు. కాలిన చర్మం కోసం మిషన్‌ను నెమ్మదిగా నడిపితే, సూది అనుకున్నంత ముందుకు పోవడం లేదు, రంగు పైపైనే ఉండి ఊడిపోయింది. మూడోదాని మూతి బిగువు, పొర మెత్తన. సూది తిన్నగా పోతుంది, తిన్నగా వస్తుంది.

"చూసినవా," అన్నది అక్క, బ్లేడు పక్కన పెడుతూ. "తోలుకు రంగు వట్టక కాదు. మనం సరిగ్గ అందియ్యక." తర్వాత ఏప్రాన్ విప్పి నా చేతికిచ్చింది. "దీపం నువ్వే పెడ్తవు."

అది ఒక్కసారి చెడిపోతే మళ్లీ మొదలుపెట్టడానికి అక్కడ మంచి చర్మం లేదు. ఆ మాటే అన్నాను.

"గందుకే నువ్వు. నాది ఉరికే చెయ్యి. గీ పనికి నడిసే చెయ్యి కావాలె," అన్నది. అది నన్ను ధైర్యపరచడానికి చెప్పిన మాట కాదు. ఆమె పనిని చూసినంత సూటిగా తనను కూడా చూసుకునేది.

బొమ్మ దగ్గరే సగం పూట పట్టింది. అక్క ఎన్ని దీపాలు గీసినా భాగ్యమ్మ తల అడ్డంగా ఊపింది. చివరికి తానే పెన్ను తీసుకుని ఎడమ చేత్తో కాగితం మీద గీసింది. వంకర దీపం, కుడివైపు ఒక చుక్క మిగతావాటికన్నా కిందికి జారి ఉంది. నేను దాన్ని సరిచేయబోతే ఆపింది. "సక్కగ పెట్టకు బిడ్డా. పొడుస్తున్నప్పుడు చెల్లె నన్ను నవ్విచ్చింది, నేను కదిలిన. గా సుక్క గట్లనే ఉండాలె."

అక్క రెండు చేతులతో మచ్చను సాగదీసి పట్టుకుంది. నేను ఆ మూడో రకం కార్ట్రిడ్జ్ బిగించి మొదలుపెట్టాను. గట్టి చోటు వచ్చినప్పుడు మిషన్ శబ్దం మారేది, నేను ఆగి ఊపిరి తీసుకునేదాన్ని. కొన్నిచోట్ల భాగ్యమ్మకు ఏమీ తెలియలేదు, కొన్నిచోట్ల పళ్లు బిగించింది. అక్క పాట మాత్రం ఆగలేదు. జారిన చుక్క చివర పెట్టాను. తుడిచి చూస్తే, గట్టిపడిన ఆ చర్మం మీద వంకరగా దీపం వెలుగుతోంది. భాగ్యమ్మ దానివైపు చూసి చెల్లెలి పేరు మెల్లగా పలికింది.

అయినా మేము సంబరపడలేదు. తాజాగా అన్నీ బాగానే కనిపిస్తాయి. నెలన్నర దాటిన తర్వాత ఒక సాయంత్రం భాగ్యమ్మ పొట్టి చేతుల జాకెట్‌తో వచ్చింది. ఒక్క గీత చెదరలేదు. ఒక్క చుక్క పోలేదు. అక్క ఆ చేతిని వెలుతురులోకి తిప్పి తిప్పి చూసింది. తర్వాత, కుర్చీలో వేరే మనిషి ఎదురుచూస్తున్నా సరే, "జర ఆగుండ్రి" అని చెప్పి, భాగ్యమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నేను వెనకే పరుగెత్తాను. బస్టాండు దాకా నడుచుకుంటూ పోయాం. ఆటోవాళ్లకు చూపించింది. పండ్ల బండి ఆమెకు చూపించింది. సిద్దిపేట బస్సు ఎక్కబోతున్న కండక్టరును ఆపి మరీ చూపించింది. "కాలిన తోలు మీద పెట్టినం. మా స్వరూప పెట్టింది," అని అందరికీ చెప్పింది. భాగ్యమ్మ పెళ్లికూతురిలా తల వంచి నవ్వుతూ, మళ్లీ తలెత్తి చెయ్యి ముందుకు చాపేది. ఆ రోడ్డు మీద నా పేరు అంత పెద్ద గొంతుతో ఎవరూ ఎప్పుడూ పలకలేదు.

తర్వాత ఆడవాళ్లు రావడం మొదలైంది. స్టవ్ మంటలు తాకినవాళ్లు, ఆపరేషన్ కుట్లు ఉన్నవాళ్లు, పాపన్నపేట నుంచి, నర్సాపూర్ నుంచి, మా కుల్చారం నుంచి. కొందరి చర్మం చూసి అక్క వద్దని చెప్పేది. కానీ ముట్టి చూడకుండా ఎవరినీ పంపలేదు. ఆ పని సంగతి హైదరాబాద్ దాకా పోయింది. రొమ్ము తీసేసిన ఆడవాళ్లకు అక్కడ ఆకారం, రంగు తిరిగి గీసే పనికి ఒక దవాఖాన వాళ్లు ఆమెను పిలిచారు. ఇప్పుడు అక్క అక్కడ ఉంది, తన కింద నలుగురు అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. పోయే ముందు రోజు పెయింటర్‌ను పిలిపించి, నన్ను అడగకుండానే దుకాణం బోర్డు మీద నా పేరు రాయించింది.

రూతక్క నాకు ఏమిచ్చిందని అడిగితే సూదుల సంగతి చెప్పడం తేలిక. అసలు ఇచ్చింది ఇంకొకటి. మనిషి ముందుకు రాగానే కాదనే మాట నాలుక మీదికి వస్తుంది, దాన్ని మింగి, ఎందుకు కాదో చేత్తో వెతకడం నేర్పింది. పోయిన వారం రామాయంపేట నుంచి ఒకాయన వచ్చాడు. గడ్డి కోసే మిషన్‌లో చూపుడువేలి కొస పోయింది. గోరు కావాలన్నాడు. అట్లాంటిది నేను ఎప్పుడూ చేయలేదు. ఆయన రెండో చేతి గోరును ముందు పెట్టుకుని గులాబి, తెలుపు, గోధుమ రంగులు కలుపుకుంటూ, కింద నెలవంక, అంచున నీడ, పైన మెరుపు వేస్తూ పొద్దంతా కూర్చున్నాను. అయిపోయాక ఆయన వేలిని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు, గోకి చూశాడు, మళ్లీ చూశాడు. "మేడమ్, గీ గోరుకు కత్తిరిచ్చే పని గూడ లేదు గదా," అన్నాడు. నేను రూతక్క గొంతంత పెద్దగా నవ్వాను. కింద మొబైల్ దుకాణం అబ్బాయి తల బయటపెట్టి, "రూతు మేడమ్ వచ్చిండ్రా?" అని మెట్ల మీదికి కేకేశాడు.