బోణీ రూపాయి

నిన్న పొద్దున హిందూపురంలో మా కొట్టు తెరిచి, కొత్తగా వచ్చిన చీరల మూట విప్పుతున్నాను. పట్టు వాసన గుప్పుమంది. అప్పుడే ఫోన్ మోగింది. ఆన్‌లైన్ ప్రకటన కింద నా ఖాతాలోంచి డబ్బు పోయిందని బ్యాంకు మెసేజ్. వారం రోజులకని నేను పెట్టిన ప్రకటన అది, గడువు దాటి పది రోజులయింది. చేతిలో ఉన్న చీరను నాకు తెలియకుండానే తిరగేసి, లోపలి వైపు చూస్తూ నిలబడిపోయాను. కంగారు పడినప్పుడల్లా నా చేతులు చేసే పని అదే. ఆ అలవాటు ధర్మవరం రత్నమ్మక్కది.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పన్నెండు మంది నేతగాళ్ల చేత కూలికి చీరలు నేయించి అమ్మే చిన్న కొట్టు ఆమెది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. బక్కపలుచని మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. డిగ్రీ అయ్యాక నేను కనగానపల్లి నుంచి రోజూ బస్సులో వెళ్లి ఆమె దగ్గర పనిచేసేదాన్ని. చీరల ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం నా పని. చేరిన రోజు ఒక చీర అంచు చూసి బాగుందన్నాను. ఆమె దాన్ని లాక్కుని తిరగేసింది. “ముందర పక్క అందురూ బాగనే నేస్తారు సుజాతా. పోగు యాడ తెగిందో, యాడ ముడి పడిందో ఎనకపక్కే తెలుస్తాది” అంది. అంతటితో ఊరుకుంటే సరే, చీర కొనడానికి వచ్చినవాళ్లకు కూడా ఆ ముడిని తనే చూపించేది. బేరం పోతుందని నాకు ప్రాణం గిలగిల్లాడేది. “ముడి ఉండాదని మనమే చెప్తే, తక్కిన చీరంతా నమ్ముతారు” అనేది. అప్పట్లో ఆమెకు వ్యాపారం చేతకాదనుకున్నాను.

ఆమెకు ఇంకో పట్టింపు ఉండేది, బోణీ. శుక్రవారం పొద్దున ఎవరు ఏం అమ్ముకోవడానికి వచ్చినా ఉత్త చేతులతో పంపేది కాదు. మల్లెపూలామె వస్తే ఒక మూర, పిన్నీసులాయన వస్తే ఒక అట్ట. మనం ఒకరి బోణీ కాదంటే మన బోణీ కూడా చెడుతుందని ఆమె నమ్మకం. ఏడాది తిరిగేసరికి ఆ నమ్మకం నాకూ అంటుకుంది.

ఉగాదికి ముందు శుక్రవారం. సాయంత్రం నేతగాళ్లకు కూలి ఇవ్వాలి. డబ్బు తెమ్మని ఆమె కార్డు ఇచ్చి పంపితే, ఖాతాలో అంత లేదంది ఏటీఎం. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట. బ్యాంకులోకి పరుగెత్తి స్టేట్‌మెంటు తీయించాను. నెల రోజులుగా రెండు మూడు రోజులకొకసారి ఒకే పేరు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెనక అంకెలు, మధ్యలో ప్రకటనలని అర్థమయ్యే ఒక్క ముక్క. ఒక్కోసారి పోయింది తక్కువే, అందుకే ఎవరి కంటా పడలేదు. అన్నీ కలిపితే పన్నెండు ఇళ్ల పండగ.

కొట్టుకు వచ్చి కాగితాలు ఆమె ముందు పడేశాను. “బ్యాంకోళ్లే దొంగలక్కా, లేకుంటే ఎవరో మన కార్డు కొట్టేసినారు” అని అరిచాను. ఆమె ముఖం పాలిపోయింది. తర్వాత ఆ కాగితాల కట్టను బోర్లించి, ఆఖరి పుట పైకి తెచ్చింది. “ఎనక నుంచి చూడు. ఆ పేరు మొదట యాడ పడిందో పట్టుకో” అంది.

వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. అదే పేరు, అదే పేరు. ఆఖరున దొరికింది. ఒక్క రూపాయి. ఆ రోజు శుక్రవారం.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున ఎవడో ఫోన్ చేసి, మీ చీరలను దేశమంతా చూపిస్తానన్నాడు. వద్దన్నాను. “ఈ రోజు మీదే మొదటి ఫోన్ మేడమ్, ఒక్క రూపాయితో బోణీ చేయండి” అన్నాడు. బోణీ అన్నాక కాదనలేకపోయాను. కొట్టు కార్డు నంబరు చెప్పాను, ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా చెప్పాను. రూపాయే కదా అని మరిచిపోయాను. దొంగ ఎవరా అని వీధి వినేలా అరిచానే, తలుపు తీసింది నేనే.

ఏడుస్తూ చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. “మొగం కడుక్కో, బ్యాంకుకు పోదాం” అంది అంతే.

దారిలో నాకు దుర్బుద్ధి పుట్టింది. “అక్కా, ఆ రూపాయి సంగతి ఎత్తొద్దు. ఇవేవీ మావి కావని రాద్దాం” అన్నాను. ఆమె నడక వేగం పెంచింది. బ్యాంకులో ఆఫీసరు కాగితం చూసి, అది ఫోన్లలో ప్రకటనలు వేసే కంపెనీ పేరని, అడగకుండా డబ్బు తీసుకునే అనుమతి ఎవరో ఇచ్చి ఉంటారని చెప్పాడు. ముందు కార్డు ఆపించాడు, ఆ అనుమతి రద్దు చేయించాడు. పోయిన డబ్బు తిరిగి అడిగే డిస్ప్యూట్ ఫారం మా ముందుకు తోసి, “వీటిలో మీరు చేసినవి ఏమైనా ఉన్నాయా?” అని అడిగాడు. నేను తల వంచుకున్నాను.

“మొదటి రూపాయి మేమే ఇచ్చినాము సార్. తక్కినవి మేము ఇయ్యలేదు” అంది రత్నమ్మక్క.

ఈ పిల్ల ఇచ్చింది అనలేదు. మేము అంది. ఆఫీసరు తలెత్తి ఆమెను చూశాడు. రూపాయి మాత్రమే అని వాడు చెప్పినట్టు రుజువేమైనా ఉందా అని అడిగాడు. వాడు పంపిన మెసేజ్ నా ఫోన్లోనే ఉంది: ఒక్క రూపాయి చాలు, ఇంకేమీ కట్టక్కర్లేదు. రూపాయి సంగతి దాచి ఉంటే ఆ మెసేజ్ చూపించే దారే ఉండేది కాదు. దాని నకలు ఫారానికి జతచేశాడు.

సాయంత్రం నేతగాళ్లు వచ్చారు. రత్నమ్మక్క సగం కూలే చేతిలో పెట్టింది. వాళ్లలో ఓబులేసన్న ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆ రోజు అతని గొంతు గట్టిపడింది.

“పండగ పూట ఇదేందక్కా? ఎవురి చేతి నుంచి పోయినాయి దుడ్లు?”

“మా చేతి నుంచేనప్పా. తప్పు మాదే. బ్యాంకులో రాసిచ్చి వచ్చినాము.”

గోడకు ఆనుకుని నిలబడ్డ నా వైపు ఆమె చూడనైనా లేదు. చూసి ఉంటే అందరికీ తెలిసిపోయేది. కొన్ని వారాల తర్వాత, బాగా పాతవి రెండు తప్ప, పోయిన డబ్బంతా తిరిగొచ్చింది. మిగిలిన కూలి ఆ రోజే పంచింది. ఆ రూపాయి ఎవరు ఇచ్చారో ఆమె ఉన్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేనే చెబుతున్నాను.

నిన్న కొట్టు మూసి బ్యాంకుకు వెళ్లాను. స్టేట్‌మెంటును వెనక నుంచి చదివి, గడువులోపు వాటికి ఒక గీత, తర్వాతి వాటికి రెండు గీతలు పెట్టి అక్కడి ఆఫీసరు అమ్మాయికి ఇచ్చాను. ఆ అమ్మాయి చూసి, “మొదటివి ఎవరు కట్టారు?” అంది.

“మేమే కట్టినాము” అన్నాను.

ఆమె నా వెనక్కి తొంగి చూసింది. “మీతో ఇంకెవరైనా వచ్చారా?” అని అడిగింది. ఎవరూ రాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.