ముప్పైరెండు అరచేతులు

మనిషి అరచెయ్యి, వేళ్లతో కలిపి, అతని ఒంటి చర్మంలో ఇంచుమించు నూటికో వంతు. పూలని మూరతోనూ జరీ అంచుని బెత్తెతోనూ కొలిచే దేశంలో రోగాన్ని అరచేత్తో కొలవడం వింతేం కాదు. 2007 ఆగస్టులో స్కిన్ డాక్టరు పద్మావతి గారు, స్టీల్ ప్లాంటు క్రేను ఆపరేటరు వరహాలు ఒంటిని అలాగే కొలిచి, "ముప్పైరెండు అరచేతులండీ" అన్నారు. అంటే ఒంట్లో మూడోవంతు సోరియాసిస్.

వరహాలు మనసు ఆ లెక్క మీద లేదు, మాఘమాసం మీద ఉంది. చెల్లెలి రెండో కూతురు శ్రీసత్య పెళ్లి అప్పుడే. పెళ్లికూతుర్ని గంపలో కూచోబెట్టి మేనమామ మోసుకొచ్చి మండపంలో దించాలి. 1995లో పెద్దమ్మాయి పెళ్లికి అతను గంప మీద చెయ్యి వెయ్యబోతుంటే మగపెళ్లివారి పెద్దమనిషి అర్జునరావు, "ఆ సేతుల్తోనా?" అన్నాడు. అంతే. ఎవరో దూరపు వరసాయన ఎత్తాడు. వరహాలు గాడిపొయ్యి దగ్గర వంటవాళ్లతో కలిసి తిని ఇంటికొచ్చేశాడు. నిజానికి ఇది అంటుకునే జబ్బు కాదు.

పద్మావతి గారి దగ్గరికొచ్చేనాటికే చాలా వైద్యాలు చూశాడు. లుంగీలన్నీ నల్లబరిచిన తారు ఆయింట్‌మెంటు. మాత్ర మింగి, ఒంటికి కాంతి పట్టించే దీపాల పెట్టెలో నిలబడడం. తర్వాత వారానికోసారి వేసుకునే మాత్రలు. బాగానే పనిచేశాయి గానీ లివరు ఎదురుతిరిగితే ఆపేశారు. మధ్యలో ఒక ఏడాది రోజూ సముద్రస్నానం. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టడం చూసేదీ సముద్రపొడ్డు వాళ్లే, అదే ఉప్పునీళ్లు ఒంటిని బాగుచేస్తాయని నమ్మేదీ వాళ్లే.

"ఇప్పుడు కొత్త రకం మందొచ్చింది" అన్నారు డాక్టరు. "బతికున్న కణాల్లో తయారుచేస్తారు. సెలైనులా ఎక్కిస్తాం. ఖర్చు మీ ప్లాంటుదే. ముందు టీబీ పరీక్ష చెయ్యాలి. ముంజేతికి చిన్న సూది వేస్తాం, మూడోరోజు చూపించండి. అక్కడ పొంగితే మందు ఆలస్యమవుతుంది."

రెండోరోజుకే పొంగింది.

బావమరిది కన్నబాబు ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ మనిషి. చెయ్యి చూసి నవ్వాడు. "ఏటి బావా, దీనికా బెంగ? టన్నులకి టన్నులు సేపల్నే కుళ్లకుండా ఆపుతాది మా ఐసు. నీ బొబ్బెంత?"

"ఒరే, ఆడు సెప్తే ఈయన ఇంటాడు, ఈయన సెప్తే ఆడు ఇంటాడు" అని వరహాలు పెళ్లాం తాయారు ఎవరికీ కాకుండా గోడకి చెప్పింది. మొగుడు మాత్రం మూడోరోజు పొద్దున్నంతా గోనెపట్టాలో ఐసుముక్క చుట్టి ముంజేతికి అదుముకుని కూచున్నాడు. ఎరుపు తగ్గింది. ధైర్యంగా వెళ్లాడు.

డాక్టరు చెయ్యి పట్టుకుని ఆగారు. "చేపల వాసనొస్తోందేంటండీ?"

వరహాలు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

ఆవిడ వేలికొసతో తడిమి స్కేలు పెట్టారు. "మేం చూసేది ఎరుపుని కాదు, గట్టితనాన్ని. పధ్నాలుగు మిల్లీమీటర్లుంది. ఐసు పెట్టారా?"

"నాను ఆగమంటే ఆగుతానండి. మాఘం ఆగదు కదండీ."

గంప సంగతంతా విని ఆవిడ కోప్పడలేదు. "మీ ఒంట్లో కాపలా కుక్క పిచ్చెత్తి మీ చర్మాన్నే కరుస్తోంది. ఈ మందు దాన్ని కట్టేస్తుంది. అటక మీద టీబీ దొంగ నిద్రపోతున్నాడని ఈ పొంగు చెప్తోంది. కుక్కని కట్టేశాక వాడు లేస్తే? పెళ్లిలో మీరు గంప ఎత్తడం కాదు, మిమ్మల్నే ఎత్తాలి."

ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. నెల్లాళ్లు టీబీ మాత్రలు వేసుకున్నాకే, అవి కొనసాగిస్తూ, అక్టోబరులో మొదటి సీసా ఎక్కించారు. రెండు వారాలకి రెండోది, ఆ తర్వాత నాలుగు వారాలకి మూడోది. తెల్లారి పక్క దులిపితే రాలే పొట్టు ముందు తగ్గింది; తాయారు చీపురు ఒక పూట గోడకే ఆనుకుని ఉండిపోయింది. డిసెంబరులో డాక్టరు మళ్లీ కొలిచారు. ఆరు అరచేతులు. "అందరికీ ఇంతలా తగ్గదు. ఇది నయమైపోవడం కాదు, అదుపులో ఉండడం. ఎనిమిది వారాలకోసారి రావాలి. దగ్గూ జ్వరమూ వస్తే దాచకండి." చివర్న, "ఐసు పెట్టకండి" అన్నారు.

మాఘంలో పెళ్లినాటికి మిగిలినవి రెండు, మోకాళ్ల మీద. వరహాలు పన్నెండేళ్లలో మొదటిసారి చొక్కా చేతులు మోచేతులపైకి మడిచాడు. పెద్దమ్మాయి అత్తవారి తరఫున వచ్చి ముందు వరసలో కూచున్న అర్జునరావు ఆ చేతుల్ని చూశాడు, తర్వాత తన చేతికర్రని చూసుకున్నాడు.

"తాతా, కాస్త కాళ్లు తియ్యి" అన్నాడు వరహాలు. "గంప వస్తంది."

ముసలాయన కాళ్లు ముడుచుకున్నాడు.

గంపలోంచి శ్రీసత్య గొణిగింది. "మావా, బరువుగున్నానేటి?"

"రోజూ వంద టన్నులెత్తుతాను. నువ్వో లెక్కా? కదలకుండా కూకో."

మండపంలో దించి, పాత అలవాటు కొద్దీ పగిలి నెత్తురు కారిందేమోనని అరచేతులు తిప్పి చూసుకున్నాడు. వెదురు అంచు నొక్కిన రెండు గీతలు, కాస్త పసుపు.

కన్నబాబు భోజనాల వరసలోంచి పిలిచాడు. "బావా, ఆకేసేశారు. అటు పొయ్యి కాడికెల్తావేటి, ఇటు రా."

వెళ్లి వరస మధ్యలో కూచున్నాడు.