స్కేట్స్ కింద నిమ్మకాయలు

ఒక హాకీ జట్టును ముంచడానికి అవతలి జట్టే రానక్కర్లేదు. భక్తి ఎక్కువై బుద్ధి తక్కువైన తల్లి ఒక్కతె చాలు. నమ్మకపోతే కొన్నేళ్ళ కిందట నేను చేసిన ఘనకార్యం వినండి. విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఎవరూ మొహమాటపడలేదు.

మేముండేది అమెరికాలో, రెడ్‌మండ్‌లో. చుట్టుపక్కల తెలుగు పిల్లలంతా కూచిపూడికీ కోడింగ్‌కీ వెళుతుంటే మా అన్విత మాత్రం ఐస్ హాకీ అంటూ మంచు మీదికి వెళ్ళింది. ఆ ఏడు వాళ్ళ క్లబ్బు జట్టు టీనేజ్ అమ్మాయిల జాతీయ పోటీలకు ఎంపికైంది. ఎంపికవడమే కాదు, మిషిగన్ దాకా వెళ్ళి సెమీఫైనల్‌కి కూడా చేరింది. మరుసటి ఏడాదికి సగంమంది పిల్లలకు వయసు దాటిపోతుంది, తలో జట్టుకీ వెళ్ళిపోతారు. “అమ్మా, ఇది మాకు లాస్ట్ ఛాన్స్, టుగెదర్‌గా,” అని అది విమానంలో అన్నప్పటినుంచి నాకు అన్నం సహించలేదు.

సెమీఫైనల్ రోజు పొద్దున హోటల్ గదిలో కాఫీ తాగుతుంటే ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఈ పోటీల కోసం దానికి కొత్త స్కేట్స్ కొన్నాం గానీ, వాటికి పూజ చెయ్యలేదు! మా ఇంటికి కొత్త బండి ఏదొచ్చినా బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాల్సిందే. కార్ల సంగతి సరే, గడ్డి కోసే మిషన్ని కూడా నేను వదల్లేదు.

“స్కేట్స్‌కి చక్రాలుండవు కదే,” అన్నారు మా ఆయన.

“ఆ బూట్ల అడుగున కత్తులున్నాయిగా! దసరాకి ఆయుధపూజ చెయ్యమా?”

“చేస్తాం. కత్తుల చేత నిమ్మకాయలు తొక్కించం.”

“మీకు కూతురు గెలవాలని లేదా?”

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన తండ్రి ఇంకా పుట్టలేదు. ఆయన అద్దె కారు తాళాలు తీసుకుని నిమ్మకాయల కోసం బయల్దేరారు.

అన్విత కింద జట్టుతో కలిసి బ్రేక్‌ఫాస్ట్ చేస్తోంది. ముందురోజు సాయంత్రమే పదును పెట్టించి తెచ్చుకున్న స్కేట్స్ గదిలోనే ఉన్నాయి. వాటిని ఎత్తుకుని పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళాం. కుంకుమ బొట్లు పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇక్కడి నిమ్మకాయలు మన నిమ్మకాయల్లాంటివి కావు. తోలు మందం, పొగరు ఎక్కువ. స్కేట్స్‌లో చేతులు దూర్చి నొక్కితే ఒకటి ఎగిరి ఎవరిదో వ్యాన్ కిందికి వెళ్ళిపోయింది. చేతులతో అయ్యే పని కాదని తేలిపోయింది. నాదీ నా కూతురిదీ ఒకటే సైజు. చుడీదార్ పైకి మడుచుకుని స్కేట్స్ నేనే తొడుక్కున్నాను.

మా ఆయన నన్ను వెనకనుంచి చంకల కింద పట్టుకున్నారు. నేను నిమ్మకాయ మీద కాలేశాను. అది పక్కకి జారింది, నేను ముందుకి జారాను. సిమెంటు మీద కత్తులు కీచుమన్నాయి. నిప్పురవ్వలు లేచాయని మా ఆయన ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతారు.

అటుగా వెళుతున్న ఒక పెద్దమనిషి ఆగి, “ఆర్ యూ ఓకే, మేమ్?” అన్నాడు.

“ఇట్స్ కల్చరల్,” అన్నారు మా ఆయన నన్ను వదలకుండా.

ఇంకో నాలుగు ఊపులకి నిమ్మకాయలు చితికాయి. స్కేట్స్ తుడిచి, ఏమీ ఎరగనట్టు సంచిలో పెట్టేశాను.

సిమెంటు మీద ఈడిస్తే స్కేటు పదును పోతుందనీ, అందుకే పిల్లలు బయట నాలుగడుగులు వెయ్యాలన్నా కత్తులకు ప్లాస్టిక్ గార్డ్స్ తొడుగుతారనీ మీకు తెలియకపోవచ్చు. నాకు తెలిసుండాలి. ఆ గార్డ్స్ కొన్నది నేనే.

ఆటకి ముందు వార్మప్‌లో అన్విత ఎడమవైపు తిరగబోయి పడింది. లేచి, కుడివైపు తిరగబోయి మళ్ళీ పడింది. కోచ్ దాన్ని మేం నిలబడ్డ వైపు బయటికి పిలిచి, స్కేటు తిరగేసి, అంచు మీద గోటితో గీసి చూసింది. “డిడ్ షీ వాక్ ఆన్ కాంక్రీట్?” అంటూ బూటు సందులోంచి ఒక నిమ్మగింజను బయటికి లాగింది.

అన్విత గింజను చూసింది. తుడిచినా పోని కుంకుమ మరకను చూసింది. తర్వాత నన్ను చూసింది.

“అమ్మా, వాట్ డిడ్ యూ డూ?”

“పూజ, తల్లీ.”

“నా స్కేట్స్ నువ్వు వేసుకున్నావా?”

“నిమ్మకాయ నలగలేదు మరి.”

“నాన్నా! నువ్వు ఏం చేస్తున్నావ్ అప్పుడు?”

“పట్టుకున్నాను,” అన్నారాయన నిజాయితీగా.

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మా ఆయన స్కేట్స్ పట్టుకుని అక్కడే ఉన్న పదును పెట్టే కొట్టుకి పరుగెత్తారు. అక్కడేమో క్యూ. ఫస్ట్ పీరియడ్ మొత్తం మా పిల్ల సాక్సులతో వరండాలో కూర్చుంది, మంచు మీద వాళ్ళ జట్టు రెండు గోల్స్ వెనకబడింది.

“సారీ తల్లీ,” అన్నాను.

“ఇప్పుడు మాట్లాడకు అమ్మా, ప్లీజ్.”

సెకండ్ పీరియడ్‌కి స్కేట్స్ వచ్చాయి. నా మీది కోపమంతా ఎక్కడో ఒకచోట తీర్చుకోవాలి కదా, మంచు మీద తీర్చుకుంది. తనొక గోల్ కొట్టింది, స్నేహితురాళ్ళ చేత ఇంకో రెండు కొట్టించింది. గెలిచారు! నేను సంతోషంతో పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడను కావలించుకుని ఏడ్చేశాను.

ఫైనల్ రోజు పొద్దున గది తలుపు చప్పుడైంది. తీస్తే జట్టు జట్టంతా వరసగా నిలబడి ఉంది. ఒక్కొక్కళ్ళ చేతిలో స్కేట్స్, నిమ్మకాయలు. గెలిచిన రోజు వేసుకున్న సాక్సుల్ని పోటీలయ్యేదాకా ఉతకనివ్వని పిల్లలు వాళ్ళు. గెలిపించిన నిమ్మకాయల్ని ఊరికే వదులుతారా?

“ఆంటీ, కెన్ యూ డూ అవర్స్ టూ?”

వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డ కోచ్ నా కళ్ళలోకి చూసి ఒకే మాట అంది. “గార్డ్స్ ఆన్.”

బుద్ధిగా అందరి స్కేట్స్‌కీ బొట్లు పెట్టాను. పిల్లలు గార్డ్స్ తొడిగిన స్కేట్స్ వేసుకుని నిమ్మకాయల్ని కసిదీరా తొక్కారు. ఒక్క గీత పడితే ఒట్టు. వెళ్ళి ఫైనల్ ఆడారు. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు.

హోటల్‌కి తిరిగొస్తుంటే కార్‌లో అన్విత వెక్కుతూనే ఉంది. చివరికి ఉండబట్టలేక నేనే కదిపాను. “పోనీలే తల్లీ, అందరూ కలిసి ఫైనల్ దాకా వచ్చారు. ఈసారైతే నా వల్ల కాదు కదా?”

అది కళ్ళు తుడుచుకుని కాసేపు సీరియస్‌గా ఆలోచించింది. “నీ వల్లే అమ్మా. గార్డ్స్‌తో తొక్కితే ఎలా వర్క్ అవుతుంది?” అని, ఏడుస్తూనే పకపకా నవ్వింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరి స్కేట్స్ కిందా నిమ్మకాయ పెట్టను గాక పెట్టను. ఫైనల్ అయితే తప్ప.