సత్తమ్మ తడిపిన గోనెలు

సత్తమ్మ పదిహేనేళ్లు కాంక్రీటు తట్టలు మోసింది. నాచారంలో మేం పద్నాలుగంతస్తుల భవనం మొదలుపెట్టిన 2007లో, చిల్కానగర్ నుంచి వచ్చే పదముగ్గురు ఆడకూలీల ముఠాకు ఆమే పెద్ద. నేను ఆ సైటుకు కొత్త ఇంజనీరుని. నాకు ఏమీ తెలియదు, తెలియదన్న సంగతి కూడా తెలియదు.

నాలుగో అంతస్తు దాటాక పంపు వచ్చింది. కింద యంత్రం నెడితే, గోడ వెంట బిగించిన ఇనుప పైపులోంచి కాంక్రీటు పైకెక్కి స్లాబు మీద పడుతుంది. ఇక మోసే పని లేదు. ఊడ్చడానికి ఒకరుంటే చాలని మేస్త్రీ బాలరాజుకు నేనే చెప్పాను. అతను సత్తమ్మను ఉంచి తక్కిన పన్నెండుమందినీ మాన్పించాడు.

తొమ్మిదో స్లాబు మే నెలలో వేశాం. సగం పడ్డాక, కాంక్రీటు లారీ ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని ముప్పావుగంట ఆలస్యమైంది. అది వచ్చాక పంపు నడిపితే మూలిగింది తప్ప పైన ఏమీ పడలేదు. కాంక్రీటు చిక్కగా ఉందని ఆపరేటర్ మహిపాల్, యంత్రమే పాతదని నేను. ఇద్దరం గొంతులు పోయేలా అరుచుకున్నాం. స్లాబు సగంలో గట్టిపడితే అక్కడ అతుకు పడుతుంది. ఆ అతుకు కింద కాపురం ఉండేవాళ్లకు ప్రతి వానకూ కారుతుంది.

బాలరాజు పాత ముఠాకు ఫోన్ చేశాడు. అరగంటలో పన్నెండుమందీ ఆటోల్లో దిగారు.

"ఇది మోస్తె, మిగిలిన స్లాబులు గూడ మీకే ఇప్పిస్త" అన్నాడు.

మూడు నెలలుగా సరైన పని లేని మనుషులు. నవ్వుకుంటూ తలమీదికి చుట్టబట్టలు చుట్టుకున్నారు.

ఏడో అంతస్తులో ఊడుస్తున్న సత్తమ్మ వంగి వాళ్లను చూసింది. పైపు చూసుకుంటూ నేను అక్కడికి వెళ్లేసరికి చీపురు పట్టుకుని ఊరికే నిలబడి ఉంది. ఇంకోసారి కిందికి చూసి, పైపు వైపు చేయి చూపింది.

"సారూ, గీడ సెయ్యి వెట్టుండ్రి."

పెట్టి చటుక్కున తీసేశాను.

"పడమటి ఎండకు పెనం లెక్క కాలుతున్నది. లోపలి కాంక్రీటు మాలు గిండ్లనే ఎండింది. ఎండకాలం తట్టకు గూడ గిట్లనే అంటుకుంటది. మేం తట్టను తడిపే ఎత్తుకుంటుంటిమి."

మహిపాల్ పానాతో పైపు పొడుగునా కొట్టి చూశాడు. ఆమె చూపిన చోటే మొద్దుగా మోగింది. పంపును వెనక్కి నడిపి, ఒత్తిడి పోయాక ఆ ముక్క విప్పితే గట్టి ముద్ద బయటపడింది. కొత్త స్తంభాలు తడారకుండా చుట్టే గోనెలు తడిపి సత్తమ్మ పైపుకు చుట్టింది. కాంక్రీటు మళ్లీ పైకెక్కింది. కింద పన్నెండుమందీ చుట్టబట్టలు విప్పుకుని వెళ్లిపోయారు.

స్లాబు పడిన రోజు మేకను కోసి అందరికీ భోజనం పెట్టడం సైటు రివాజు. సత్తమ్మ విస్తరి ముందు కూర్చోలేదు.

"పనికి పిల్సి ఉత్తగ పంపిన్రు. ఆళ్లకు వెట్టకుంట నేనెట్ల తింట సారు?"

నాకు సిగ్గేసింది. అన్నం, కూర ఆటోలో పెట్టించి నేనూ ఎక్కాను. చెప్పకుండా ఉంటే నీవాళ్లకు పని దొరికేది కదా అని దారిలో అడిగాను.

"స్లాబును సగంల ఎట్ల ఇడుస్తం సారు? దాని కింద ఉండెటోళ్లు ఏం జేసిన్రు?" అంది.

చిల్కానగర్‌లో ఒక రేకుల ఇంటి ముందు ముఠా అంతా కూర్చుని ఉంది. ఎవరూ ఆమెను పలకరించలేదు. సత్తమ్మే అందరికీ వడ్డించింది. ఆమె ఆడబిడ్డ తారామణి రెండు ముద్దలు తిని తలెత్తింది.

"కూర మంచిగున్నది వదినె. మల్ల గా పంపు ఆగితె, జర ఆలస్యంగ జెప్పు."

అందరూ నవ్వారు. సత్తమ్మ కూడా నవ్వి సరేనంది.

ఆ తరువాత ఇంకా ఐదు స్లాబులు వేశాం. ప్రతిసారీ పంపు మొదలుకాక ముందే సత్తమ్మ వచ్చి పైపు పొడుగునా గోనెలు తడిపేది. పంపు ఒక్కసారి కూడా ఆగలేదు.