పెంటయ్య పాయింట్లు, ప్రేమ్ కుమార్ ప్రయాణం

పోయిన వారం మా ఆవిడను విమానం ఎక్కించానని మా ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నేనూ కాదనడం లేదు. కానీ మీ దగ్గర దాపరికం ఎందుకు? ఆ టికెట్ కోసం నేను ఒకసారి చచ్చి బతకాల్సి వచ్చింది!

మాది తుక్కుగూడ పక్కన. ఎయిర్‌పోర్టు వచ్చిన దగ్గర నుంచి విమానాలు మా డాబా మీదుగానే లేస్తాయి. మొదట్లో బర్రెలు బెదిరి పాలు తగ్గించాయి. తర్వాత వాటికీ అలవాటైపోయింది. అలవాటు కానిది మా సత్తెమ్మకే. బట్టలు ఆరేస్తూ తలెత్తి చూసేది.

"పైకెల్లి చూస్తే మన ఇల్లు కనపడుతదా?" అని అడిగింది ఒకరోజు.

"కనపడుతది."

"అయితే ఒక్కసారన్న సూడాలె."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె అడిగినవి చాలానే మరిచిపోయాను. ఇది మాత్రం నెత్తి మీద చప్పుడు చేస్తూ రోజూ గుర్తుచేస్తుంటే ఎట్లా మరిచిపోతాను?

డబ్బు పెట్టి కొనే పని కూడా లేదు. విత్తనాల కంపెనీలో ఉన్నప్పుడు మీటింగులకని తెగ తిప్పేవాళ్లు. జొన్న గురించి మాట్లాడటానికి ఢిల్లీ దాకా పోవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఢిల్లీలో జొన్న చూసినవాడే లేడు. సరే, ఆ సంగతి వదిలేయండి. ఆ తిరుగుళ్లకు విమాన కంపెనీ ఇచ్చిన పాయింట్లు ఇద్దరం విశాఖపట్నం పోయి రావడానికి సరిపోతాయి. కాకపోతే నెలాఖరుకు మురిగిపోతాయి. నాకా సంగతి తెలిసిందే నెలాఖరులో.

అసలు చిక్కు పేరుతో వచ్చింది. నా పేరు పెంటయ్య. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదట. అందుకని నన్ను పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, పక్కింటావిడతో ఎత్తించి, ఆ పేరు పెట్టారు. యముడు ముక్కు మూసుకొని పక్క సందులోకి పోతాడని మా అమ్మ నమ్మకం. నిజంగానే ఇంతవరకు ఇటు రాలేదు.

అటువంటి పేరును ఎందుకు మార్చానంటారా? ఒకసారి బెంగళూరు ఎయిర్‌పోర్టులో కాఫీ తాగుతూ కూర్చుంటే మైకులో ఎవరో అమ్మాయి, "మిస్టర్ ప్యాంటయ్యా! ప్యాసింజర్ ప్యాంటయ్యా!" అని ఒకటే పిలుపు. నేనేమో పంచెలో ఉన్నాను! లేచి పరుగెత్తుతుంటే జనం నా ముఖం చూడలేదు, పంచె చూశారు. రిటైర్ కాగానే గెజిట్‌లో వేయించి ప్రేమ్ కుమార్ అయిపోయాను. కార్డులన్నీ మార్పించాను. పాయింట్ల ఖాతా ఒక్కటి మరిచాను.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి, చాలా మర్యాద.

"ప్రేమ్ కుమార్ గారూ, ఖాతా పెంటయ్య గారిదండీ. ఆ పాయింట్లు ఆయనకీ, ఆయన భార్యకీ మాత్రమే వర్తిస్తాయండి."

"ఆ భార్యనే అమ్మా, విశాఖపట్నం తీసుకపోదామని."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "అంటే, పెంటయ్య గారి పాయింట్లతో, పెంటయ్య గారి భార్యని, మీరు తీసుకెళ్తారా సార్?"

"అవును."

"ఆయనకి తెలుసాండీ?"

నాకు ఒళ్లు మండింది. "పెంటయ్య ఇప్పుడు లేడమ్మా! ఉన్నది ప్రేమ్ కుమారే!" అని అరిచాను.

"అయ్యో! వెరీ సారీ సార్. ఆయన ఆత్మకి శాంతి కలగాలండి. డెత్ సర్టిఫికెట్ పంపించండి, అంతవరకూ ఖాతా ఆపేస్తున్నాం."

యముడికి చేతకానిది ఫోన్‌లో ఆ పిల్ల చేసేసింది!

మళ్లీ చేస్తే ఇంకొకరు, ఇంకొక సంతాపం. ఇగ లాభం లేదని, గడువుకు ఒక్కరోజు ముందు సత్తెమ్మను వెంటబెట్టుకొని ఆటోలో ఎయిర్‌పోర్టుకే పోయాను. టికెట్ల కిటికీలో ఉన్నావిడ కంప్యూటర్ చూసి, "సిస్టమ్‌లో మీరు చనిపోయారు అంకుల్" అంది.

సత్తెమ్మ భగ్గుమంది. "ఏందమ్మా గట్లంటవు? నా మెడల పుస్తెలు కనపడుతలేవా?"

ఆవిడ మంచిది. గెజిట్ కాగితం చదివింది, మేనేజర్‌కు ఫోన్ కలిపింది. ఆయనకు ఇంకా అనుమానమే. "అమ్మా, మీ ఆయన పాత పేరేంటో మీ నోటితో చెప్పండి. సార్ ఫోన్‌లో వింటారు" అంది.

చచ్చాం అనుకున్నాను. సత్తెమ్మ పెళ్లయిన దగ్గర నుంచి నా పేరు ఎత్తలేదు. పేరెత్తితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పిందట. రేషన్ షాపులో కూడా పక్కవాళ్లతో చెప్పించేది.

"ఆయననే" అంది.

"పేరమ్మా."

"మా పెద్దోని బాపు."

"పెం..." అని నేను అందించబోయాను.

"మీరు చెప్పొద్దు అంకుల్!"

అంతలో పైన ఒక విమానం లేచింది. సత్తెమ్మ తలెత్తి దాన్ని కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత నా వైపు చూసింది. కొంగు నడుముకు దోపుకుంది.

"ఎట్లయినా సిస్టమ్ల సచ్చిండు కదా, ఇగ తగ్గేదేముంది?" అని, "పెంటయ్య! గీయన పెంటయ్యనే! నా మెడకు పడ్డ పెంటయ్య!" అని ఒక్క కేక పెట్టింది. ట్రాలీలు తోసేవాళ్లు ఆగిపోయారు. ఫోన్‌లో మేనేజర్ నవ్వు నాకు కూడా వినిపించింది.

ఖాతాలో పేరు మారింది, టికెట్లు రెండూ చేతికొచ్చాయి. నేను బతికాను.

మర్నాడే ప్రయాణం. కిటికీ సీటు సత్తెమ్మకు. విమానం లేవగానే ముక్కు అద్దానికి అదిమి పెట్టింది. కింద అన్నీ అగ్గిపెట్టెలే. ఏది ఎవరి ఇల్లో తెలిస్తే ఒట్టు! ఆమె ముఖం వాడిపోతోంది. ఇంత చేసీ ఇల్లు కనిపించకపోతే ఎట్లా అని నేనూ మెడ చాచి వెతికాను.

"అగో! మన ఇల్లు! మన డాబా!" అని ఎగిరింది. "అద్దం లెక్క మెరుస్తున్నది సూడు!"

నిజమే. ఊరు మొత్తంలో అదొక్కటే తళతళా మెరుస్తోంది. గర్వంతో నా ఛాతీ ఉబ్బింది.

ఆమె నవ్వు మాత్రం మెల్లగా ఆగిపోయింది. మా ట్యాంకు నిండి, డాబా అంతా చెరువైతే తప్ప అట్లా మెరవదు.

"ఓ పెంటయ్యా!" అంది, విమానమంతా వినపడేట్టు. "మోటర్ బంద్ చేసినవా?"

ముందు వరుసల వాళ్లంతా వెనక్కి తిరిగారు. వాళ్లతో పాటు నేనూ వెనక్కి తిరిగి చూశాను, ఆ పెంటయ్య ఎవరా అని.