సీలు విప్పని గంగచెంబు

మా ఎదురింటి మావయ్య పోయారు. తెల్లారగానే అత్తయ్య మా గుమ్మంలోకి వచ్చి, "అల్లుడూ, మీ మావయ్య ఎలిపోనాడు. నోట్లో పొయ్యడానికి ఇంట్లో గంగ నీల్లు సుక్క నేవు. మీ ఇంట ఉంటే అట్టుకురా" అంది. ఇరవై ఏళ్ళకు పైగా జనాన్ని కాశీ తిప్పుకొచ్చిన మనిషి ఇంట్లో గంగ లేదు. అడిగినవాళ్ళకల్లా పంచేశారు. మా బీరువాలో మాత్రం ఒక చిన్న రాగి చెంబు ఉంది. మూతికి వేసిన సీలు కూడా ఊడలేదు. అది ఆయనదే. నా దగ్గరికి ఎలా వచ్చిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.

మావయ్య శ్రీకాకుళంలో ఒక యాత్రా బస్సుకు మేనేజరు. మేనేజరంటే పేరుకే. వాంతులు కడగడం, ముసలమ్మలను మెట్లెక్కించడం, సత్రం వాళ్ళతో వచ్చీరాని హిందీలో పోట్లాడడం అన్నీ ఆయనే. నేను బడిపంతుల్ని, వేసవి సెలవుల్లో సాయం వెళ్ళేవాణ్ణి. ఆయన ఒంటి మీద ఎప్పుడూ పొందూరు ఖద్దరు చొక్కా, దానికి ప్రత్యేకంగా కుట్టించుకున్న పెద్ద జేబు. అందులో అందరి ఆధార్ జిరాక్సులు, విరేచనాలు కట్టే మాత్రలు, పిన్నీసులు. బయల్దేరేముందు బస్సులో నిలబడి చెప్పేవారు: "కొత్త సెప్పులు ఎవులూ యెయ్యకండి. కాల్లు పుండ్లయితే దేవుడొచ్చి మొయ్యడు. మందులు సూట్‌కేసులో ఎట్టకండి, సేతిసంచీలో ఎట్టండి."

ఎవరు వింటారు? యాత్రికుల్లో రకాలున్నాయి గాని, ఏ రకాన్ని తలచుకున్నా నాకు రోతే. కిటికీ సీటు కోసం కళ్ళు తిరుగుతున్న ముసలావిడతో దెబ్బలాడేవాడు ఒకడు. గంగలో మునిగి పాపాలు పోయాయని మురిసిపోయి, తిన్న విస్తరి అదే గంగలోకి విసిరే మహాతల్లి ఇంకొకతె. సత్రం దుప్పటితో చెప్పులు తుడుచుకునేవాళ్ళు. తుడుచుకున్నాక అదే దుప్పటి మడిచి సంచీలో పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారంటే నమ్మండి.

విదేశమైతే కాస్త బుద్ధిగా ఉంటారనుకున్నాను. ఒకసారి సింగపూర్ తీసుకెళ్ళారు మావయ్య. విమానం చక్రాలు నేలకు తగిలాయో లేదో, అందరూ లేచి ఒకరి నెత్తిన ఒకరు సామాన్లు లాగడం మొదలెట్టారు. హోటల్లో ఫలహారం దగ్గర ఉడికిన గుడ్లు హ్యాండ్‌బ్యాగుల్లో కుక్కారు. ఒకాయన పాస్‌పోర్టు టాక్సీలో వదిలేసి, తిరిగి మావయ్యనే తిట్టాడు. మావయ్య జేబులోంచి దాని జిరాక్సు తీసి, "పాస్‌పోర్టు ఒకకాడ, జిరాక్సు ఇంకోకాడ ఎట్టమన్నది ఇందుకే బాబూ" అని ఆయన్ను వెంటబెట్టుకుని ఎంబసీకి పోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు అసహ్యం వెయ్యదా మావయ్యా?" అని అడిగాను.

"ఎందుకెయ్యదు అల్లుడూ? అయితే ఏటి, ఒదిలీసి వచ్చీగలమా?" అన్నారు.

ఆయన ఉద్యోగమంతా అదే, ఎవరినీ వదిలేసి రాకపోవడం. తలలు లెక్కపెట్టకుండా బస్సును ఎప్పుడూ కదలనివ్వలేదు. కాశీ బస్సులో నలభై రెండు రావాలి. ఆ నలభై రెండులో ఆయన ఉండరు.

ఆ రోజు కాశీ నుంచి తిరిగి వస్తున్నాం. ఇళ్ళకు పోయేముందు శ్రీముఖలింగంలో స్వామికి గంగ పోయించడం మా బస్సు ఆనవాయితీ. చెంబులన్నీ, మావయ్యదితో సహా, ఒక అరలో ఉన్నాయి. మావయ్యకు పొద్దుటి నుంచి విరేచనాలు. తన మాత్రలు ముందురోజే ఎవరికో ఇచ్చేశారు. మధ్యాహ్నం బరంపురం దగ్గర ఒక పెట్రోలు బంకులో ఆపించి, "నువ్వు లెక్కెట్టు అల్లుడూ" అంటూ కడుపు పట్టుకుని బంకు వెనక్కి పోయారు. బస్సులో గోల మొదలైంది. ఆలస్యమైతే గుడి మూసేస్తారట. నేను లెక్కపెట్టాను. నలభై రెండు సరిపోయింది. ఆయన ఎప్పుడూ కూర్చునేది ముందు క్యాబిన్‌లో, వచ్చేసి ఉంటారనుకున్నాను. "రైట్" అని అరిచాను. మావయ్య నా వెనక ఉన్నారనుకుని డ్రైవరు కదిలించాడు.

సోంపేట దాటాక ఒక కిరాణా వర్తకుడు లేచి, "మేనేజరేడి? నా మందుల సంచీ ఆయన కాడుంది" అన్నాడు. వాడికి కనబడనిది సంచీ. మనిషి కాదు. ఫోన్ చేస్తే ఆయన సీట్లోనే మోగింది. డ్రైవరు బండి పక్కకు తీసి, "తిప్పనా?" అన్నాడు.

"ఆయనకి దారులు తెలీవేటి? ఏ బస్సో ఎక్కి వచ్చీగల్డు. గుడి మూసీస్తే మన గంగ ఏటైపోవాల?" అన్నాడు వర్తకుడు.

బస్సంతా అవునంది. డ్రైవరు నా మొహం చూశాడు. నేను తిప్పమనలేదు. దిగి వెనక్కి పోనూ లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

గుడిలో అందరూ గంగ పోయించి, కళ్ళు మూసుకుని దణ్ణాలు పెట్టుకున్నారు. అరలో ఒక చెంబు మిగిలిపోయింది. దాన్ని నా సంచీలో వేసుకున్నాను.

మావయ్య మర్నాడు కొబ్బరికాయల లారీలో వచ్చారు. అప్పటికే, మేనేజరు మమ్మల్ని నడిదారిలో వదిలేశాడని ట్రావెల్స్ యజమానికి ఫిర్యాదు వెళ్ళింది. యజమాని నా ఎదురుగానే మావయ్యను అడిగాడు. "నానే ఆలస్యం సేసినాను బాబూ" అన్నారు మావయ్య, నా వైపు చూడకుండా. ఉద్యోగం పోయింది. నేను నోరు విప్పలేదు. ఆ యాత్రికుల మీద నాకున్న అసహ్యం ఒక ఎత్తు, నా మీద నాకున్నది ఒక ఎత్తు. చెంబు ఇచ్చేద్దామని ఎన్నోసార్లు బయల్దేరి, ఇస్తే ఆ రోజు మాట వస్తుందని ఆగిపోయాను. ఆయన మాత్రం రోజూ సాయంత్రం అరుగు మీంచి, "ఏటి అల్లుడూ, బడి అయిపోనాదా?" అని పలకరిస్తూనే ఉన్నారు.

అత్తయ్య అడిగిన ఆ పొద్దున్న చెంబు పట్టుకుని రోడ్డు దాటాను. వాకిట్లో ఆ వర్తకుడూ ఉన్నాడు. "ఇంక బోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులోనే ఇమానం ఎక్కొచ్చు. తీసుకెల్లీవోడే నేకపోనాడు" అని పక్కవాడితో అంటున్నాడు. శవం ఇంట్లో ఉండగా, వీడి బాధ అది.

లోపల అత్తయ్యతో, "ఇది మావయ్యదే అత్తయ్యా. ఆ రోజు లెక్కపెట్టి బస్సు కదిలించింది నేనే" అన్నాను.

ఆమె మావయ్య తల కాస్త పైకెత్తి పట్టుకుంది. "ముందు పొయ్యి" అంది.

సీలు విప్పాను. వెనక నుంచి వర్తకుడు అరచెయ్యి చాపి, "మిగిల్తే నాకూ కాసిన్ని" అన్నాడు. నేను చెంబు పూర్తిగా వంచేశాను. నీళ్ళు మావయ్య పెదవుల మీంచి జారి, మెడ దిగి, ఖద్దరు చొక్కాను తడిపాయి. ఆ పెద్ద జేబు తడిసి రొమ్ముకు అతుక్కుపోయింది. అందులో ఏమీ లేదు.